మరణ తేదీ ఖాళీగా ఉండరాదు

లాన్ అక్క నన్ను మొదటిసారి తిట్టింది రొయ్యల వల్ల. కీలుంగ్ రేవులో ఒక శీతల గిడ్డంగికి మా ఆఫీసు లెక్కల ప్రోగ్రామ్ రాసిపెట్టింది. అందులో సరుకు వచ్చిన తేదీ కోసం నేనొక వేరియబుల్, అంటే విలువ పోసుకునే డబ్బా, డిక్లేర్ చేసి, దానికి విలువ ఇవ్వడం మర్చిపోయి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. తెల్లారేసరికి గిడ్డంగిలో ఉన్న ప్రతి రొయ్యల పెట్టె మీదా రిపబ్లిక్ ఒకటో సంవత్సరం, ఒకటో నెల, ఒకటో తారీఖు అని చీటీ పడింది. అంటే మా దేశం పుట్టిన రోజునే ఆ రొయ్యల్ని ఐసులో పెట్టారన్నమాట. గిడ్డంగి యజమాని ఫోన్‌లో పగలబడి నవ్వాడు. లాన్ అక్క నవ్వలేదు.

"ఏరా చిన్న డింగ్, ఎనభై ఏళ్ళ నాటి రొయ్యలు తింటావా? ఒక ప్లేటు తెప్పించమంటావా?"

"మర్చిపోయానక్కా."

"తేదీ డిక్లేర్ చేసిన చోటే దానికో విలువ పడెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? ఖాళీ డబ్బా పెడితే మెషిన్ దాన్ని ఖాళీగా ఉంచుతుందనుకున్నావా? దానికి తోచింది దాన్లో పోస్తుంది. నీకేమీ తోచకపోతే ఆ రోజు తేదీ అన్నా వెయ్యి. ఖాళీ మాత్రం వదలకు. ఖాళీ తేదీ అంటే నాకు ఒళ్ళు మంట."

అదే ఆవిడ చట్టం. ఆవిడ రాసిన ఏ ప్రోగ్రామ్‌లోనైనా తేదీ అడిగిన చోట మీరేమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే, చడీచప్పుడు లేకుండా ఆ రోజు తేదీ వచ్చి కూర్చుంటుంది. ఇక తేదీ అచ్చయ్యే తీరు గురించి ఆవిడ చాదస్తం ఇంతా అంతా కాదు. మూడో నెలని 3 అని వేస్తే ఒప్పుకోదు, 03 అనాలి. సంవత్సరానికీ నెలకీ మధ్య చుక్కే ఉండాలి, గీత పనికిరాదు. అచ్చయిన కాగితం మీద స్కేలు పెట్టి చుక్కలన్నీ ఒకే వరసలో పడ్డాయో లేదో చూసేది. కంప్యూటర్లు బుద్ధిగా పనిచేయాలని మావాళ్ళు వాటి మీద ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం పెడతారు. సోమవారం వస్తూనే ఆవిడ దాన్ని తిరగేసి గడువు తేదీ చూసేది. గడువు దాటిన పొట్లం పెడితే మెషిన్ అలుగుతుందట. అది నమ్మకమో తేదీల పిచ్చో నాకు అప్పుడు తెలీదు.

ఇదంతా రిపబ్లిక్ ఎనభయ్యో సంవత్సరం, అంటే పందొమ్మిది వందల తొంభై ఒకటి నాటి మాట. చేపల ఉండల సూప్ అమ్మే కొట్టు పైన రెండు గదులు మా ఆఫీసు. కింద నుంచి ఆవిరి, బయట నుంచి వాన. కీలుంగ్‌లో వాన రాని రోజు ఉంటే ఆ రోజు జనం ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటారు. లాన్ అక్క అసలు పేరు యో లాన్‌యింగ్. వయసు నలభై అయిదు, పెళ్ళి చేసుకోలేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక ఓడల కంపెనీలో కంప్యూటర్ చదివే కార్డులకు చిల్లులు కొట్టే పనిలో చేరి, పక్కవాళ్ళు రాసేది చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న మగపిల్లలు ముగ్గురు ఇప్పుడు తైపేలో మేనేజర్లు. ఒక్కడైనా కొత్త సంవత్సరానికి ఫోన్ చేయడు. ఆవిడని మేనేజర్ చేయమని మా బాస్‌ని ఒకసారి అడిగితే, "ఆవిడకి ఇల్లా, సంసారమా, ఎందుకంత జీతం?" అన్నాడు. ఆ మాటకి నాకు ఈనాటికీ కడుపు మండుతుంది.

ఆ ఖాళీ మీద కోపం ఎక్కడ పుట్టిందో నాకు వాళ్ళింట్లో అన్నం తిన్న రోజు తెలిసింది. రేవు వెనక కొండ మెట్ల మీద రెండు గదుల ఇల్లు. లాన్ అక్కా, వాళ్ళమ్మా ఉండేవారు. వాళ్ళమ్మని వీధంతా తావో అమ్మ అనేవారు, నేను పెద్దమ్మ అన్నాను. మా ఇళ్ళలో పోయినవాళ్ళ ఫొటో పూజబల్ల మీద ఉంటుంది, ఉన్నవాళ్ళది గోడకి ఉంటుంది. వాళ్ళింట్లో ఒక యువకుడి ఫొటో మాత్రం బట్టల బీరువా మీద, రేడియో పక్కన నిలబెట్టి ఉంది. నేను నోరు మూసుకుని తినాల్సింది. తినలేదు.

"పెదనాన్న పోయి ఎన్నాళ్ళయింది పెద్దమ్మా?" అన్నాను.

లాన్ అక్క చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టేసింది. పెద్దమ్మ మాత్రం నా గిన్నెలో ఇంకో చేప ముక్క వేసింది.

"వెళ్ళింది ముప్ఫై ఆరులో. పోయింది ఎప్పుడో తెలీదు."

రిపబ్లిక్ ముప్ఫై ఆరు, అంటే పందొమ్మిది వందల నలభై ఏడు అన్నాక ఇక అడగడానికేం లేదు. ఆ సంవత్సరం మార్చిలో ఓడల్లోంచి ప్రభుత్వ సైనికులు మా రేవులో దిగారు. ఆ తరవాత ఊళ్ళో ఎంతమంది మగవాళ్ళు ఇళ్ళకి తిరిగి రాలేదో నలభై ఏళ్ళ పాటు ఎవరూ పైకి అనలేదు. పెదనాన్న యో జిన్‌ష్వే రేవులో సరుకు లెక్క రాసే గుమాస్తా. పొద్దున్నే చిలగడదుంప గంజి తాగుతుంటే తుపాకులతో ఇద్దరు గుమ్మంలోకి వచ్చి, రెండు ముక్కలు అడిగి పంపిస్తాం రమ్మన్నారు. మూతి తుడుచుకుని, చెప్పులు కాదు బూట్లు వేసుకుని వెళ్ళాడు. అప్పటికి లాన్ అక్క పాకడం కూడా నేర్వలేదు.

"మా ఆడపడుచులు ఆ రోజునే తద్దినం పెట్టెయ్యమన్నారు," అంది పెద్దమ్మ. "అందరూ అలాగే చేశారుట. నేను పెట్టనన్నాను. ఆ రోజు ఆయన కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. నా కళ్ళతో చూశాను. చచ్చినవాడు నడుస్తాడా?"

"అమ్మా, చాల్లే," అంది లాన్ అక్క.

"చాల్లే ఏంటే? ఉన్నాడని నేనన్నానా? నాకు మతి పోలేదు. పోయాడు. ఏ రోజు పోయాడో, ఎక్కడ పోయాడో చంపినవాళ్ళకి తెలుసు. వాళ్ళు చెప్పాలి. చెప్పేదాకా ఆ తేదీ ఖాళీగానే ఉంటుంది. నేను నింపితే వాళ్ళ పని నేను చేసిపెట్టినట్టు."

అందుకని ఆ ఇంట్లో అందరి ఇళ్ళలో ఉండే తద్దినం రోజు లేదు. బళ్ళో పిల్లలు మీ నాన్న ఏడని అడిగితే లాన్ అక్కకి చెప్పడానికి ఒక మాట లేదు. పోయాడంటే అమ్మకి కోపం, ఉన్నాడంటే అబద్ధం. ఒక ఖాళీ పక్కన పెరిగిన మనిషికి ఖాళీ అంటే ఒళ్ళు మండిందంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

ఆ వేసవిలో కొండ మీద అస్థికల గోపురం వాళ్ళు కంప్యూటర్ పెట్టించుకున్నారు. ఏ గూట్లో ఎవరున్నారు, ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు పోయారు అన్నీ అందులో ఎక్కిస్తే, దానికి తగిలించిన మెషిన్ రాతి పలక మీద పేరూ తేదీలూ చెక్కేస్తుంది. ఆ ప్రోగ్రామ్ మొత్తం లాన్ అక్కే రాసింది. బతికుండగానే గూడు తీసుకున్నవాళ్ళకి బతికున్నారని ఒక గుర్తు పెట్టింది. ఆ గుర్తు కొడితే మెషిన్ మరణ తేదీ అడగదు, పేరు మీద అతికించడానికి ఎర్ర కాగితం అచ్చు వేస్తుంది. గుర్తు లేకపోతే పోయినట్టే, తేదీ ఇచ్చి తీరాలి. అయితే ఎర్ర కాగితం, లేకపోతే తేదీ. ఎంత శుభ్రంగా ఉందో అని నేనే మెచ్చుకున్నాను.

ఆ గోపురంలో పెద్దమ్మ ఇద్దరు పట్టే గూడు ఒకటి మాట్లాడుకుంది. తను పోయాక ఒక పక్క తన అస్థికలు, రెండో పక్క ఆయన కోటు. అస్థికలు లేవు కాబట్టి కోటు. పలక మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉండాలి. నలభై నాలుగేళ్ళలో ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు, ఇదొక్కటే అడిగింది. నేను మెషిన్ చూడ్డానికి వెళ్ళే రోజు ముగ్గురం ఒకే బస్సులో వెళ్ళాం.

గోపురం మేనేజర్ గావ్ చెడ్డవాడు కాదు. టీ ఇచ్చాడు, కుర్చీ తుడిచాడు, కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా కీబోర్డు ముందు కూర్చున్నాడు. పెద్దమ్మ పేరుకి ఎర్ర కాగితం వచ్చింది. తరవాత ఆయన పేరు.

"పుట్టింది?"

"తైషో ఎనిమిది," అంది పెద్దమ్మ, అప్పట్లో మమ్మల్ని ఏలిన జపాన్ వాళ్ళ లెక్కలో. రిపబ్లిక్ లెక్కలోనూ ఎనిమిదే కాబట్టి మెషిన్ ఏమీ అనలేదు.

"పోయింది?"

"తెలీదు."

"సరే, తరవాత చూద్దాం," అని గావ్ ఎంటర్ నొక్కాడు. తెర మీద ఆ రోజు తేదీ వచ్చి కూర్చుంది. పెద్దమ్మకి చదువు తక్కువ కానీ అంకెలు వచ్చు.

"అదేంటి రాశావు నాయనా?"

"నేను రాయలేదమ్మా. ఇవాళ్టి తేదీ, అదే వస్తుంది."

"చెరిపెయ్."

చెరిపాడు. మెషిన్ కీచుమంది. మరణ తేదీ ఖాళీగా ఉండరాదు అని తెర అడుగున పడింది. మళ్ళీ చెరిపాడు, మళ్ళీ కీచుమంది.

"ఇది ఒప్పుకోవట్లేదమ్మా. ఓ పని చేద్దాం, బతికున్నారని గుర్తు కొట్టేస్తా. ఏ గొడవా ఉండదు."

"ఆయన పేరుకి ఎర్ర కాగితం అంటిస్తావా? ఎగతాళా?"

"పోనీ ఒక మంచి తేదీ చెప్పండి. చింగ్‌మింగ్ రోజు వేసుకోండి, పెద్దల పండగ రోజు, గుర్తుంటుంది కూడా."

"ఈ మెషిన్ ఎవరు చేశారు?" అని అడిగింది పెద్దమ్మ.

గావ్ మొహం వెలిగిపోయింది. "అదేంటమ్మా అలా అడుగుతారు! మీ అమ్మాయేగా!"

పెద్దమ్మ కూతురి వైపు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు కట్టిన ఇంట్లో మీ నాన్నకి చోటు పెట్టలేదా లాన్?" అంది.

తిరుగు బస్సులో లాన్ అక్క కిటికీలోంచి వానని చూస్తూ కూర్చుంది. మర్నాడే పని మొదలుపెట్టింది. చూసేవాళ్ళకి ఇదేం భాగ్యం అనిపిస్తుంది, ఒక డబ్బాని ఖాళీగా ఉండనిస్తే పోలేదా అని. అలా కుదరదు. ఆ ప్రోగ్రామ్‌లో తద్దినం ఉత్తరాలు పంపే భాగం ఉంది, పలకల్ని పోయిన క్రమంలో పేర్చే భాగం ఉంది, అందరికీ తేదీ కావాలి. ఖాళీ వదిలిన మొదటిసారి రొయ్యలకి జరిగిందే జరిగింది. తెర మీద యో జిన్‌ష్వే, పుట్టింది 08, పోయింది 01.01.01 అని పడింది. దాని కింద, పుట్టకముందే పోవడం కుదరదు అని ఆవిడ రాసిన హెచ్చరికే పడింది.

లాన్ అక్క దాన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"చూశావురా? మా నాన్నని చంపింది ఈ రిపబ్లిక్. మెషిన్ ఆయనకి రిపబ్లిక్ పుట్టినరోజు వేసింది. దీనికున్న తెలివి నాకు లేకపోయింది."

చివరికి మూడో గుర్తు ఒకటి పెట్టింది. బతికున్నారు కాదు, తేదీ ఉంది కాదు, పోయారు గానీ తేదీ తెలీదు. ఆ గుర్తు ఉంటే ఏ భాగమూ తేదీని ముట్టుకోకూడదు, పలక మీద ఆ చోట నున్నటి రాయి వదిలెయ్యాలి. ఎన్నోసార్లు నడిపి చూసి, ఫ్లాపీలో వేసుకుని, ఇద్దరం కొండ ఎక్కాం. గావ్ ఫ్లాపీని చేత్తో కూడా తాకలేదు.

"లాన్ అమ్మా, నాకు తెలుసు నీ బాధ. కానీ పోయినవాడి పలక మీద తేదీ చోటు ఖాళీగా ఉంటే చూసినవాళ్ళు అడుగుతారు. అడిగితే ముప్ఫై ఆరు అని చెప్పాలి. ఆ సంవత్సరం పేరెత్తితే మా ట్రస్టీలకి చెమటలు పడతాయి."

"ఇప్పుడు ఎవరు పట్టుకుపోతారు గావ్ గారూ? రోజులు మారాయిగా?"

"మారాయి, మారాయి. మారినట్టే ఉంటాయి. నాకు ఇద్దరు పిల్లలున్నారు."

ఆ ట్రస్టీలని నేను తిట్టని తిట్టు లేదు, మెట్లు దిగుతూ. తరవాత లాన్ అక్క రెండుసార్లు ఒక్కతే వెళ్ళింది. చూద్దాం అన్నారు.

శీతాకాలంలో పెద్దమ్మకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆస్పత్రి మంచం మీద కూడా ఆవిడకి ఆ ధ్యాసే.

"ఆ డబ్బా సంగతి ఏమైందే?"

"అవుతుందమ్మా. చూస్తున్నారు."

"అవ్వకపోతే నన్ను ఒక్కదాన్నే పెట్టు. ఆయన కోటు ఇంటికి పట్టుకుపో. తేదీ మాత్రం వెయ్యనివ్వకు. విన్నావా?"

"విన్నాను. వెయ్యనివ్వను."

"మీ నాన్నకి నేను చేయగలిగింది అదొక్కటే," అంది పెద్దమ్మ. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, బత్తాయి ఒలుస్తున్నాను.

ఆవిడ ఒక మంగళవారం తెల్లవారుజామున పోయింది. లాన్ అక్క ఆస్పత్రి నుంచే గోపురానికి ఫోన్ చేసి కబురు చెప్పింది. ప్రస్తుతానికి అమ్మ పేరే ఎక్కించండి, నాన్న వరస ముట్టుకోకండి అని విడమరిచి చెప్పింది. గావ్ సరే సరే అన్నాడు. మిగతా ఏర్పాట్ల కోసం మధ్యాహ్నం మేమిద్దరం కొండ ఎక్కేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, నటన కాదు. పలక అప్పుడే చెక్కించి, సన్యాసి చేత మంత్రం కూడా చదివించి గూటికి బిగించేశాడు, ఈ దుఃఖంలో మళ్ళీ మళ్ళీ తిప్పించడం ఎందుకని.

రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయి. యో జిన్‌ష్వే, పోయింది 80.12.17. జ్యాంగ్ తావో, పోయింది 80.12.17. చుక్కలు ఒకే వరసలో ఉన్నాయి.

"ఎవరు వేశారు ఇది?" అంది లాన్ అక్క.

"జంట గూడు కదమ్మా, ఒక వరస సగంలో వదిలితే రెండోది ఎక్కట్లేదు. నేనేమీ రాయలేదు. ఎంటర్ నొక్కానంతే. మెషినే వేసింది."

నేను గావ్ మీదకి వెళ్ళాను. ఏం తిట్టానో రాయను, రాస్తే అచ్చు వేయరు. ఆయన నిజంగా తెల్లబోయాడు. ఇద్దరికీ ఒకే తేదీ వచ్చింది, శుభం కదా అన్నాడు. లాన్ అక్క నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఆవిడ గావ్‌ని ఒక్క మాట అనలేదు. ఏమని అంటుంది? విలువ లేకపోతే ఆ రోజు తేదీ వెయ్యమని ఆ మెషిన్‌కి నేర్పింది ఎవరు?

పలక తీయించమని ట్రస్టీలకి రాసింది. మంత్రం చదివిన రాయిని కదిపితే పోయినవాళ్ళకి అలజడి అని జవాబొచ్చింది. కంప్యూటర్‌లో అన్నా తీసేయమంది. తీస్తే పలకకీ గూటికీ పొంతన ఉండదన్నారు. నున్నటి రాయి మీకు ఇష్టమైతే ఇంకో చోట వెతుక్కోమని కూడా మర్యాదగా రాశారు. అమ్మని మళ్ళీ అక్కణ్ణుంచి పీకి ఎక్కడికి మోసుకెళ్తుంది?

ఏప్రిల్‌లో చింగ్‌మింగ్ వచ్చింది. గూళ్ళు తుడిచి, పెద్దలకి పళ్ళూ పువ్వులూ పెట్టే రోజు కాబట్టి గోపురం నిండా జనం. నేను లాన్ అక్కకి తోడు వెళ్ళాను. ఆవిడ తడిగుడ్డతో పలక తుడుస్తోంది. తేదీల దగ్గరికి వచ్చినప్పుడు గుడ్డ ఆగట్లేదు, అన్నిటితో పాటు వాటినీ తుడుస్తోంది.

పక్క గూటి ముందు ఒక ముసలి జంట అగరుబత్తులు వెలిగిస్తున్నారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మా పలకని చదివి, మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"చూశారా, చూశారా! ఇద్దరూ ఒక్క రోజునే! ఎంత పుణ్యం చేసుకుంటే వస్తుందండీ అలాంటి చావు?"

"నీకంత తొందరుంటే నువ్వు వెళ్ళు, నేను సాయంత్రం చదరంగం ఆడుకుని వస్తా," అన్నాడు ముసలాయన.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంకో ఇద్దరు వచ్చి పలక చదివారు. ఒకావిడ తన కోడల్ని పిలిచి చూపించింది. ముసలావిడ లాన్ అక్క చెయ్యి పట్టుకుంది, ఎంతో ప్రేమగా.

"మీ అమ్మా నాన్నా తల్లీ?"

"అవునండీ."

"నిజంగా ఒకే రోజు పోయారా?"

నేను నోరు తెరవబోయాను. ముప్ఫై ఆరు అని అందామనుకున్నాను, గట్టిగా, ఆ గోపురం అంతా వినేటట్టు. లాన్ అక్క నా వైపు చూడలేదు. తడిగుడ్డని నాలుగు మడతలు పెట్టింది. చుట్టూ మొహాలన్నీ ఆవిడ జవాబు కోసం ఆగి ఉన్నాయి, మంచి జవాబు కోసం.

"అవునండీ," అంది. "ఒకే రోజు."